ఓడ రాకముందే పడగొట్టిన బడి

నేను కట్టిన బడుల్లో నాకు పేరు తెచ్చిపెట్టిన బడి అండమాన్ దీవుల్లో రంగత్ అవతల ఒక చిన్న ఊళ్లో ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ఇప్పటికీ దాని ఫొటో చూపించి, పనంటే ఇలా జరగాలి అని చెబుతారట. నీలం రంగు గోడల ముందు మెడలో దండ వేసుకుని నవ్వుతున్నవాడిని నేనే. ఆ ఫొటో ఎవరైనా నా ముందు పెడితే తల తిప్పుకుంటాను. వయసు మీదపడి మొహమాటం ఎక్కువైందని అనుకుంటారు. అది మొహమాటం కాదు, సిగ్గు. ఎందుకు సిగ్గో ఈ పనిలోకి వచ్చేవాళ్లకు తెలియాలని రాస్తున్నాను.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కూలిపనికి ఓడెక్కి వచ్చినవాడు. నేను అండమాన్‌లోనే పుట్టాను, ఆస్టినాబాద్‌లో పెరిగాను, ఇప్పుడు మిన్నీ బేలో ఉంటున్నాను. డిప్లొమా చదివి జూనియర్ ఇంజినీరుగా చేరాను. ఆ తర్వాతి ప్రమోషన్ల గురించి రాయను. వాటివల్ల కుర్చీ మారింది తప్ప నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

ముక్కలుగా వచ్చే బడి

ప్రీఫ్యాబ్ బడి అంటే ఫ్యాక్టరీలో పుట్టి ఓడలో వచ్చే బడి. గోడల ప్యానెళ్లు, కప్పు, తలుపులు, కిటికీలు అన్నీ మెయిన్‌లాండ్‌లో తయారై, నంబర్లు వేయించుకుని వస్తాయి. మనం ఇక్కడ పునాది పోసి, ఇనుప స్తంభాలు నిలబెట్టి, నంబరు ప్రకారం ముక్కలు తగిలించి బోల్టులు బిగించాలి. మా దీవులకు ఇది బాగా పనికొచ్చే పద్ధతి. ఇటుక ఓడలో రావాలి, సిమెంటు ఓడలో రావాలి, ఇసుక తీయాలంటే సవాలక్ష ఆంక్షలు, ఏడాదిలో సగానికి పైగా వాన. పాత పద్ధతిలో బడి మొదలుపెడితే ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి మీసాలొచ్చేదాకా పునాదుల్లో నీళ్లే కనిపించేవి. సునామీ తర్వాత అందరికీ ప్రీఫ్యాబ్ మీద గురి కుదిరింది. నాకూ కుదిరింది. ఇది చెడ్డ పద్ధతని నేను ఇప్పటికీ అనను.

కానీ ఇందులో ఒక చిక్కుంది. ఫ్యాక్టరీ ముక్క మనతో రాజీపడదు. ఇటుక గోడ కాస్త వంకరపోతే మేస్త్రీ సున్నంతో కప్పెడతాడు. ఇక్కడ పునాదిలో పాతిన బోల్టు వేలెడు పక్కకు జరిగిందంటే స్తంభం కూర్చోదు. నా మొదటి పనిలో అలాగే జరిగింది. కుర్రాళ్లు గ్యాస్ కట్టర్ తెచ్చి స్తంభం అడుగుపలకలో రంధ్రం పెద్దది చేసి స్తంభాన్ని ఎలాగో కూర్చోబెట్టారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కోసినచోట పైపూత కాలిపోయింది. సముద్రపు గాలికి సరిగ్గా అక్కడినుంచే తుప్పు మొదలైంది. పదిమంది తిట్టినా సరే, ఆ రోజు పని ఆగినా సరే, పునాది పగలగొట్టించి బోల్టు మళ్లీ పాతించండి. కట్టర్ మాత్రం ముట్టుకోనివ్వకండి.

వాన చప్పుడు

నా మొదటి ప్రీఫ్యాబ్ బడి పోర్ట్ బ్లెయిర్ శివార్లలో ఎండాకాలంలో పూర్తయింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. గాలి, వెలుతురు, నున్నటి గోడలు. వానాకాలంలో ఏదో పనిమీద అటు వెళ్లాను. లోపల అడుగుపెడితే, రేకుల కప్పు మీద వాన పడుతున్న మోతకు నా మాట నాకే వినిపించలేదు. టీచరు, ఒక బెంగాలీ ఆవిడ, బోర్డు మీద వరసగా కూడికలు, తీసివేతలు రాస్తూ పోతోంది. పిల్లలు తలలు వంచుకుని చేసుకుంటున్నారు. వాన కాస్త తగ్గాక అడిగాను, ఈ పూట మొత్తం లెక్కలేనా అని.

"బారిష్ మే సిర్ఫ్ మ్యాథ్స్, సార్," అందావిడ నవ్వుతూ. "నోటితో పనుండదు కదా. ఇంగ్లీష్, హిందీ ధూప్ నిక్‌ల్‌నే కే బాద్."

మా దగ్గర ధూప్ నిక్‌ల్‌నే కే బాద్ అంటే ఎండ వచ్చాక అని. ఆ ఎండ రావడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఇక్కడే పుట్టి పెరిగినవాడిని, రేకుల ఇంట్లో వాన చప్పుడు మధ్య నిద్రపోయి పెద్దవాడినైనవాడిని, రేకుల కింద తరగతి గది పెడుతున్నప్పుడు ఆ మోత గుర్తురాలేదంటే ఏమనుకోవాలి? ఆ తర్వాత కప్పు కింద చప్పుడు పీల్చే పొర వేయించి, దానికి సీలింగ్ కొట్టించాను. ఆ తప్పు దిద్దుకోగలిగాను కాబట్టే దాన్ని ఈమాత్రం తేలిగ్గా చెప్పగలుగుతున్నాను. రంగత్ బడి సంగతి అలాంటిది కాదు.

మా సాబ్

అప్పటి మా పై అధికారి ఉత్తరాది మనిషి. అందరం సాబ్ అనేవాళ్లం. నిజాయితీపరుడు. కాంట్రాక్టరు ఇంట్లో మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. ఆయనకు ఉన్న పిచ్చల్లా వేగం. ఎక్కడ ఏ పని ఎంత త్వరగా అయిందో నోటికి చెప్పేవాడు. అలాంటి మనిషి కింద పనిచేస్తుంటే మనకూ ఆ పిచ్చి అంటుకుంటుంది. నాకైతే సంతోషంగా అంటుకుంది.

ఆయనను దుర్మార్గుడిగా చూపించి నేను పక్కకు తప్పుకోవచ్చు. కొన్నేళ్లు మా ఇంట్లోవాళ్ల దగ్గర ఆ పనే చేశాను. "సాబ్ తొందరపెట్టాడు, నేనేం చేయను" అనేవాడిని. కానీ ఆయన తెలియని విషయాలు అడిగి తెలుసుకునే మనిషి. రంగత్ బడి నక్షా ముందు పెట్టుకుని నన్ను పిలిపించి అడిగాడు.

"రూఫ్ కీ షీట్ ఏక్ పీస్ మే ఆయేగీ. కంపెనీ వాళ్లు జాయింట్ ఉండదు, లీకేజ్ ఉండదు అంటున్నారు. ఇంత పొడుగు మాల్ రంగత్ తక్ రోడ్ సే జాయేగా?"

"జాయేగా, సాబ్," అన్నాను, వెళ్తుందని.

"పక్కా? తుమ్ ఐలాండ్ వాలే హో, తుమ్హే తో సబ్ పతా హై."

ఆ మాటకు ఉబ్బిపోయాను. పక్కా అన్నాను. క్షణం కూడా ఆలోచించలేదు. తెలియదు, కనుక్కుని చెబుతాను అని ఉంటే ఆయన ఏమీ అనేవాడు కాదు. ద్వీపంవాడివి కదా నీకన్నీ తెలుసు అన్న మనిషి ముందు తెలియదు అనడానికి నాకు నామోషీ అనిపించింది.

ఖాళీ నేల ఫొటో

ఆ ఊరి పాత బడి చెక్క బడి. పడౌక్ కలప స్తంభాలు, పైన రేకులు. మొదట వచ్చి స్థిరపడినవాళ్లు పగలు అడవి నరికి, సాయంత్రాలు తమ పిల్లల కోసం కట్టుకున్నారని చెప్పేవారు. భూకంపానికి ఊగింది కానీ పడలేదు. ముందు గదుల్లో హిందీ మీడియం, వెనక రెండు గదుల్లో తెలుగు మీడియం నడిచేవి. చేపల పడవల మీద బతికేవాళ్ల పిల్లలు, రంగత్ బజారుకు సరుకు మోసేవాళ్ల పిల్లలు ఆ వెనక గదుల్లో చదివేవారు. వాళ్లందరికీ ఒక్కరే టీచరు, నూకరత్నం గారు. ఆమె తండ్రీ మా నాన్నా ఒకే ఓడలో వచ్చారు. నన్ను అన్నయ్యా అని పిలిచేది.

మెయిన్‌లాండ్ కంపెనీ ఒక షరతు పెట్టింది. పాత కట్టడం తీసేసి స్థలం ఖాళీ అయినట్టు ఫొటో పంపితేనే సరుకు ఓడెక్కిస్తామంది. వాళ్ల భయం వాళ్లది. ఎక్కడో సరుకు దిగాక స్థలం లేక నెలల తరబడి పడి ఉందట. సరిగ్గా ఎండాకాలం సెలవులొచ్చాయి. పాతది పడగొట్టడానికి మనుషులను తీసుకుని వెళ్లాను. సున్నంతో కొత్త పునాదికి ముగ్గు గీయించాను. నూకరత్నం టీచరు ఆ ముగ్గు పొడుగునా ఒకసారి నడిచి చూసి నా దగ్గరకొచ్చింది.

"అన్నయ్యా, ఈ ఎనక రెండు గదులూ మీ ముగ్గులోకి రాలేదు కదా. ఇవొగ్గేయండి."

"క్రేన్ తిరగాలి టీచరమ్మా."

"క్రేన్ వచ్చినాకే పడగొట్టుకోండి. ఒక్క పూట పని. బెంచీలు నేనూ పిల్లలూ మోసేసుకుంటాం. మాల్ జెట్టీలో దిగనీయండి, ఫిర్ తోడ్ దేనా. ఇప్పట్నుంచీ ఏటి తొందర?"

"సెలవులు అయ్యేసరికి కొత్త బడిలో కూర్చోబెడతాను. పక్కా."

"ఓడ మీద పక్కా అంటారేటన్నయ్యా? మీరూ ఇక్కడే పుట్టారు కదా!"

ఆ మాటలో ఎంత ఉందో దీవుల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక్కడ ఓడ జెట్టీకి తాడు వేసేదాకా ఎవరూ దేన్నీ వదులుకోరు. మా అమ్మ కొత్త బియ్యం బస్తా ఇంట్లో దిగేదాకా పాత బస్తా అడుగు కనిపించనిచ్చేది కాదు. సరుకు సముద్రం మీద ఉందంటే లేనట్టే లెక్క. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, ఊళ్లో గాలి పీల్చినట్టు వచ్చేస్తుంది. నాకూ వచ్చింది. ఉద్యోగంలో చేరాక, మెయిన్‌లాండ్‌వాళ్లు గీసిచ్చిన చార్టులు చూడటం అలవాటయ్యాక, అది పాతకాలం వాళ్ల పిరికితనంగా కనిపించసాగింది.

క్రేన్ తిరగాలన్నది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ రెండు గదులు ఉన్నా క్రేన్ పక్కనుంచి పని చేయగలదు. నిజం ఏమిటంటే ఫొటోలో అవి పడతాయి. రోడ్డువైపు తిరిగి తీసి ఉంటే పడేవి కావు. ఆ బుద్ధీ నాకు పుట్టలేదు. సాబ్ చూస్తే భేష్ అనేట్టు శుభ్రంగా, చదునుగా ఉన్న నేల కావాలనిపించింది నాకు. అంతే. ఒక ఫొటో అందం కోసం రెండు తరగతి గదులు పడగొట్టించాను.

పడగొట్టే కుర్రాళ్లు కూడా ముందు తటపటాయించారు. టీచరు చెప్పింది సబబేమో సార్ అన్నారు. పని చూడండి అని కసిరాను. నూకరత్నం టీచరు నల్లబల్ల ఒకటి భుజాన పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లింది.

పొడుగు రేకులు

ఓడ కాస్త ఆలస్యంగానే అయినా పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. గోడలు, తలుపులు, స్తంభాలు చిన్న బండ్ల మీద రంగత్ చేరాయి. నేను మీసం మెలేస్తున్నాను. చివరగా కప్పు రేకులు పొడుగు ట్రైలర్ మీద బయలుదేరాయి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్ వెళ్లే రోడ్డు ఒకే రోడ్డుగా సాగదు. అప్పట్లో మధ్యలో రెండుచోట్ల సముద్రపు పాయలు దాటాలి. బస్సులూ లారీలూ అన్నీ బోటెక్కాలి. చిన్నప్పటినుంచి ఆ బోటు ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. బస్సు దిగి, బోటు కొసన నిలబడి వేరుశనక్కాయలు తిన్నవాడిని. ఆ బోటు మీద బస్సు ముందూ వెనకా ఎంత జాగా మిగులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ట్రైలర్ మొదటి పాయ దగ్గర ఆగింది. నేను కూడా జీపులో వెనకే ఉన్నాను. బోటు నడిపే మనిషి దిగి వచ్చి, ట్రైలర్ ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసి, నావైపు తిరిగాడు.

"సాబ్, యే బోట్ హై. జహాజ్ నహీ."

ఇది బోటు, ఓడ కాదట. చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వబోయాను. మొహం సహకరించలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పక్కా అని సాబ్‌తో అన్న మాట. ఆ మాట అన్నప్పుడు నా కళ్ల ముందు రోడ్డు మాత్రమే ఉంది, బోటు లేదు.

రేకులు రెండు ముక్కలుగా కోసి తెద్దామంటే కంపెనీ ఒప్పుకోలేదు. అతుకుకు కావలసిన సామాను లేదు, కోసిన అంచుకు తుప్పు భయం. మొదటి పనిలో ఊరుకున్నట్టు ఈసారి ఊరుకోలేను. ఇక మిగిలింది సముద్రం దారి. పోర్ట్ బ్లెయిర్ నుంచి నేరుగా రంగత్ జెట్టీకి బార్జ్ అనే సరుకు పడవ మీద తేవాలి. అప్పటికి వానలు దిగాయి. సముద్రం రేగింది. చదునైన బార్జ్ మీద అంత పొడుగు రేకులు పెట్టుకుని ఎవడూ బయలుదేరడు. రేపు, ఎల్లుండి, వచ్చే వారం అంటూ ఆ వానాకాలమంతా గడిచిపోయింది. కప్పు లేకుండా గోడలు లేపితే వానకు పాడవుతాయి కాబట్టి, రంగత్ అవతలి ఊళ్లో పునాదిలోంచి బోల్టులు పైకి చూస్తూ నిలబడ్డాయి. వాటికి గ్రీజు పూసి ప్లాస్టిక్ చుట్టించాను. బోల్టులు తడవకుండా నేను తీసుకున్న జాగ్రత్త చూసి సాబ్ మెచ్చుకున్నాడు కూడా.

పిల్లలు తడవకుండా ఎవరూ ఏమీ చుట్టలేదు. హిందీ గదుల పిల్లలను పక్క ఊరి బడికి బస్సులో పంపారు. తెలుగు పిల్లలకు చుట్టుపక్కల ఇంకో బడి లేదు. నూకరత్నం టీచరు ఇంటికి పట్టుకెళ్లిన నల్లబల్ల తెచ్చి, వలలు ఆరేసుకునే పాకలో పాఠాలు మొదలుపెట్టింది. వాన జల్లు లోపలికి కొడితే పిల్లలంతా ఒక మూలకు జరిగేవారట. పడవల వాళ్లకు పాక అవసరమైనప్పుడు చర్చి వెనక వసారాకు వెళ్లేవారట. "ట" అని ఎందుకంటున్నానంటే నేను వెళ్లి చూడలేదు. అటువైపు పనులున్నా వెళ్లలేదు. ఆమెకు మొహం చూపించలేక తప్పించుకు తిరిగాను.

ఒక్కొక్కరే పిల్లలు తగ్గిపోయారు. జ్వరాలొచ్చాయి. పడవల వాళ్లు, పోనీ ఆ బస్సులోనే మా పిల్లల్నీ ఎక్కించండి అన్నారు. అలా తెలుగు పిల్లలు హిందీ మీడియంలో కూర్చున్నారు. వానాకాలం ముగిసేసరికి నూకరత్నం టీచరు ముందు కూర్చోవడానికి చేతివేళ్లకు సరిపడా కూడా మిగల్లేదు.

దండ

సముద్రం తెరిపివ్వగానే రేకులు వచ్చాయి. ఆ తర్వాత జరిగిన పని నిజంగా చూడముచ్చటైన పని. నంబరు వెంట నంబరు, బోల్టు వెంట బోల్టు, గోడలు లేస్తుంటే ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. కప్పు కింద సీలింగ్ వేయించాను, చప్పుడు లేదు. తెలుగు గదుల గోడల మీద నా సొంత ఆలోచనతో అ ఆ ఇ ఈ లు పెద్దపెద్దగా, రంగురంగుల్లో రాయించాను. స్తంభాలు లేపిన రోజునుంచి తాళాలు అప్పగించిన రోజుదాకా లెక్కేస్తే దీవుల్లో అంత త్వరగా ఏ బడీ లేవలేదు. మేం అలాగే లెక్కేశాం. పడగొట్టిన రోజునుంచి లెక్కేయాలని ఎవరూ అనలేదు.

ప్రారంభోత్సవానికి ముందు చేపల పడవ నడిపే అప్పారావు ఇంటికి వెళ్లాను. అతని కూతురు తెలుగు గదుల్లోనే చదివేది. మళ్లీ పిల్లను పంపించవయ్యా, కొత్త బడి వచ్చింది కదా అన్నాను.

"ఇంజినీర్ బాబూ, ఆ గుంట హిందీ బళ్లో ఏడ్సి ఏడ్సి ఇప్పుడే కాస్త అలవాటు పడింది," అన్నాడు. "మళ్లీ తెచ్చి ఇక్కడ కూకోబెట్టమంటారా? రేపు మళ్లీ మీరేటి పడగొడతారో ఎవలికి తెలుసు? రహనే దో బాబూ, ఉండనీయండి."

కోపంగా అనలేదు. చాప వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి అన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురి ఇళ్లకు వెళ్దామనుకున్నవాడిని అక్కడినుంచే వెనక్కి వచ్చేశాను.

ప్రారంభోత్సవం రోజున బడి నిండా పిల్లలున్నారు. ఇంకో ఊరి బడి నుంచి బస్సులో తెచ్చారు. కొత్త యూనిఫారాలు వేసుకుని, జెండాలు ఊపారు. అ ఆ లు రాసిన గదుల్లో కూడా వాళ్లనే కూర్చోబెట్టారు, వాళ్లలో ఒక్కరికీ ఆ అక్షరాలు రావు. సాబ్ నన్ను వేదిక మీదకు పిలిచి భుజం తట్టాడు. దండ వేశారు. ఫొటో తీశారు. వెనక వరసలో నూకరత్నం టీచరు ఆ పరాయి ఊరి పిల్లలకు గ్లాసులతో మంచినీళ్లు అందిస్తూ కనిపించింది. దండ తీసి దిగిపోవాలనిపించింది. దిగలేదు. ఇంకా గట్టిగా నవ్వాను, ఫొటోవాడు నవ్వమన్నాడు కాబట్టి.

తెలుగు విభాగానికి కావలసినంతమంది పిల్లలు లేరని మరుసటి ఏడాది దాన్ని ఎత్తేశారు. టీచరును పోర్ట్ బ్లెయిర్‌కు బదిలీ చేశారు. అ ఆ లు రాసిన ఆ గదుల్లో ఇప్పుడు పాత బెంచీలు, ఎన్నికల పెట్టెలు ఉంటాయి. బిల్డింగ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఒక్క చుక్క కారదు.

కొత్తగా పనిలో చేరేవాళ్లకు నా మాట ఒకటే. త్వరగా కట్టండి, నేను వద్దనను. పిల్లలకు ఎంత త్వరగా గది దొరికితే అంత మంచిది. కానీ మీరు కట్టేది కట్టడం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. బడి అంటే రోజూ ఒకచోటికి వచ్చి కూర్చునే అలవాటు. ఆ అలవాటు ఒక్కసారి తెగితే ఏ ఫ్యాక్టరీలోనూ అతుకు సామాను దొరకదు. పాతది ఎంత పాతదైనా, కొత్తది మీ చేతికి అందేదాకా ముట్టుకోకండి. పై అధికారి పక్కానా అని అడిగితే, తెలియనప్పుడు తెలియదనండి. మహా అయితే ఒక పూట చిన్నబోతారు. నేను ఒక పూట చిన్నబోకుండా ఉండటానికి ఇన్నేళ్లుగా చిన్నబోతున్నాను.

చదివించుకున్నాను

ఇదంతా రాశాక నూకరత్నం టీచరుకు చూపించాలనిపించింది. ఆమె కూడా రిటైరై ఆస్టినాబాద్‌లోనే ఉంటోంది. ఇన్నేళ్లలో పెళ్లిళ్లలో కలుసుకున్నాం, బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాం, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. వెళ్లి కాగితాలు చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. రెండుచోట్ల అక్షరదోషాలు దిద్దింది.

"బాగానే రాసారు," అంది చివరికి. "ఇది ఎవలి కోసం రాసారన్నయ్యా?"

"కొత్త ఇంజినీర్ల కోసం. రంగత్‌లో కొత్తగా చేరిన జూనియర్ ఇంజినీరు మన అప్పారావు కూతురేనట కదా, తులసి. ముందు ఆ అమ్మాయికే పంపుదామని."

ఆమె కళ్లజోడు తీసింది.

"తులసా? దానికి ఇది చదవడం రాదన్నయ్యా."

"అదేమిటి, మొన్న ఫోనులో నాతో చక్కగా తెలుగు మాట్లాడిందే?"

"మాట్లాడుద్ది. ఒకటో క్లాసు నా దగ్గరే కదా చదివింది. మహా చురుకు. గుణింతాలయిపోయాయి, గడగడా చదివేసేది. సెలవులయ్యాక ఒత్తులు మొదలెడదామనుకున్నాను." కాగితాలు మడిచి నా చేతికిచ్చింది. "అంతలోకి మీరొచ్చారు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. టీ పెడతానంటూ లోపలికి వెళ్లింది.

ఇంటికి వచ్చి ఈ కాగితాలు మళ్లీ చూసుకున్నాను. ఆ అమ్మాయి చదవగలిగిన వాక్యం వీటిలో ఒక్కటీ లేదనిపించింది. హిందీలో రాసి పంపొచ్చు, గడగడా చదువుతుంది. అలా చేయబుద్ధి కాలేదు. ఫోను తీసి, ఆ బడి ఆమెకు ఎంతవరకు నేర్పిందో అంతవరకే, ఒత్తులు లేని అక్షరాలతోనే రాసి పంపాను.

తులసీ, ఆ రెండు గదులు వదలమని మీ టీచరు అడిగారు. నేను వినలేదు. రేకులు రాలేదు. మీ బడి పోయింది. మీ చదువు ఆగింది. ఆ నేరం నాది.